దెర్నాలో నాలుగో రోజు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. అయినా నమ్ముతున్నానని చెప్పలేను. తాండూరు స్టేషన్లో గూడ్సు గుమాస్తాను. నాపరాళ్లయినా, కందుల బస్తాలయినా నా కళ్లముందు వ్యాగను ఎక్కితేనే ఎక్కినట్టు రాస్తాను. ఇది కూడా అట్లాగే రాస్తున్నాను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు.

నా భార్య పేరు సుగుణ. పరిగి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్లది. నైజాం కాలంలో ఉర్దూ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. పెళ్లయిన నాలుగో ఏడు దగ్గు పట్టుకుంది. ఆరునెలలకు దగ్గులో నెత్తురు కనబడింది. పోలీసు చర్య జరిగి అప్పటికి ఆరేళ్లు దాటింది. వికారాబాదు గుట్ట మీద ఉన్న క్షయ ఆసుపత్రిలో చేర్చాను. మాకు పిల్లలు లేరు.

ప్రతి ఆదివారం పొద్దున బండెక్కి, ధారూరు మీదుగా వికారాబాదులో దిగేవాణ్ణి. జట్కాలో గుట్ట దాకా పోయి, అక్కడి నుంచి చెట్ల మధ్య దారిలో పైకి నడిచేవాణ్ణి. మధ్యాహ్నం ఆడ, మగ రోగులను ఒకే వరండాలో ఎండకు కూర్చోబెట్టేవాళ్లు. అక్కడే సుగుణకు బీరప్ప పరిచయమయ్యాడు.

బీరప్పది కుల్కచర్ల వైపు, గొర్రెలు కాచుకునే ఇల్లు. పెద్ద యుద్ధంలో పట్టాళంలో చేరి లారీ నడిపాడట. అతని ఊపిరితిత్తి కూడా చెడిపోయింది కానీ మందులకు లొంగింది, కోలుకుంటున్నాడు. ఆఫ్రికా ఖండం ఉత్తరపు అంచున సముద్రం పక్కనే వందల మైళ్ల రోడ్డు ఉందనీ, ఆ రోడ్డు మీద రెండేళ్లు బండి తోలాననీ చెప్పేవాడు. ఒక పక్క ఇసుక, ఒక పక్క నీళ్లు, మధ్యలో తెల్లటి ఊళ్లు.

సుగుణ సముద్రం చూడలేదు. నేనూ చూడలేదు.

ఒక ఆదివారం నేను పోయేసరికి ఆమె ముఖం వెలుగుతోంది. "మనం గూడ ఆ రోడ్డు మీద పోదాం. ఏడు దినాలు చాలు. మీకు రైల్వేల అంతకన్న ఎక్కువ సెలవియ్యరు గద" అంది. ఓడలో పోయే రోజులు ఏం చేద్దామని అడిగితే, "సముద్రం మీద పోయేటివి లెక్కల పట్టొద్దు" అంది.

కాదనడానికి నాకు నోరు రాలేదు. తాండూరు బడిలో ఒక పంతులుగారిని అడిగి పాత ఉర్దూ అట్లాసు పట్టుకుపోయాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం మాకు అదే పని. ఆమె పేర్లు చదివేది, నేను స్కేలు పెట్టి మైళ్లు కొలిచేవాణ్ణి, బీరప్ప రోడ్డు సంగతి చెప్పేవాడు. మొదటి రోజు అలెగ్జాండ్రియా. రెండో రోజు మెర్సా మత్రూ. మూడో రోజు తోబ్రుక్. అయిదో రోజు బెంగాజీ. ఆరో రోజంతా బస్సులోనే. ఏడో రోజు ట్రిపోలీ. ఎండకు నూలు చీరలే కట్టుకోవాలని, అక్కడ జొన్న రొట్టె దొరకదు కాబట్టి అటుకులు తీసుకుపోవాలని అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంది. బెంగాజీలో ఎన్ని గంటలు ఆగాలన్న దాని మీద నిజంగానే పోట్లాడుకున్నాం. పక్క మంచం ఆమె నవ్వింది. ఆ రెండు నెలలూ నేను వచ్చే ముందు తలదువ్వుకుని కూర్చునేదని ఆయా ఎల్లమ్మ చెప్పింది.

నాలుగో రోజు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. తోబ్రుక్ దాటాక దెర్నా అనే ఊరుంది. దాని గురించి అడిగితే బీరప్ప, "గా ఊరు నాకు యాదికి లేదమ్మా" అని లేచిపోయాడు. రెండుసార్లు అట్లాగే జరిగింది. మూడోసారి అడగలేదు.

ఆ తర్వాత డాక్టరు నన్ను గదిలోకి పిలిచి, రెండో ఊపిరితిత్తి కూడా పోయిందని చెప్పాడు. ఎన్నాళ్లని అడిగాను. ఆయన ఎక్స్‌రే ఫిల్మును కవరులో పెట్టేశాడు.

బయటికి వచ్చేసరికి సుగుణ అట్లాసు తెరిచి పెట్టుకుని ఉంది. "సెలవుకు ఎప్పుడు రాస్తరు?" అని అడిగింది.

ఏం పట్టిందో నాకు. "చాలు ఈ ఆట! ఎవరు పోతరు, ఎట్ల పోతరు? మెట్లు ఎక్కనీకే చాతగాదు నీకు" అన్నాను. అట్లాసు మూసి సంచిలో పెట్టుకున్నాను. ఆమె నోటుబుక్కు దిండు కింద పెట్టుకుంది. నా భుజం మీదుగా చెట్లను చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాతి ఆదివారం నేను పోలేదు. వ్యాగన్లు ఎక్కువ వచ్చాయని కబురు పంపాను. అది అబద్ధం. ఆమె ముఖం చూసే ధైర్యం లేక పోలేదు.

పదిహేనో రోజున అట్లాసు పట్టుకుని పోయాను. సుగుణ మంచం మీదే ఉంది, సగమైపోయింది. కానీ ముఖంలో కోపం లేదు. నేను కూర్చోగానే, "పోయొచ్చిన" అంది.

"ఎక్కడికి?"

"మనం రాసుకున్నం గద. సోమారం నాడు పోయిన. ఐతారం దాక తిరిగిన."

జ్వరంలో మాట్లాడుతోందనుకున్నాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఆమె ఒక్కొక్క రోజే చెప్పింది, ఊరి నుంచి వచ్చిన మనిషి చెప్పినట్టు. తోబ్రుక్‌లో గాలి ఎక్కువట. బెంగాజీలో ఒక ఆడమనిషి మంచినీళ్లు ఇచ్చిందట. ఇవన్నీ బీరప్ప మాటల్లోంచి అల్లుకున్నవేనని నా లెక్క.

నాలుగో రోజు దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు తగ్గించింది. "కొండ మీదికెల్లి తొవ్వ మెలికలు మెలికలు దిగుతది. మూడో మలుపుల అంజీరు చెట్టున్నది. దాని కింద ఒకాయన కూసున్నడు. ఎడమచెయ్యి చిటికెన వేలు సగమే ఉన్నది. నన్ను జూసి లేచి నిలవడ్డడు. ఒక మాట జెప్పమన్నడు. నాకు సమజ్ కాలే. మర్చిపోతనేమోనని తొవ్వంత అనుకుంట వచ్చిన."

ఆ మాట అప్పజెప్పింది. "బీరప్పగ హేళ్రి, నా ఇల్లి ఆరాం అదీని."

తాండూరులో సగం హమాలీలు కన్నడం మాట్లాడుతారు, నాకు బాగానే వస్తుంది. 'బీరప్పకు చెప్పండి, నేనిక్కడ బాగున్నాను' అని అర్థం. గుల్బర్గా వైపు యాస. సుగుణకు కన్నడం ఒక్క ముక్క రాదు. పరిగిలో ఆ భాష వినబడదు.

నేను లేచి మగవాళ్ల వార్డుకు పోయాను. అది వేరే కట్టడం, మధ్యలో దిగుడు ఉంది. బీరప్ప మంచం మీద కూర్చుని కంబళి మడత పెడుతున్నాడు. నేను ముందు చెట్టు సంగతి చెప్పాను. అతని చేతులు ఆగిపోయాయి. వేలి సంగతి చెప్పగానే గోడకు ఆనుకున్నాడు.

"నేను ఎవ్వలకు చెప్పలే సాబ్. నా పెండ్లానికి గూడ చెప్పలే."

ఆ మనిషి పేరు బసప్ప. తాండూరుకు పడమట, కాగ్నా ఒడ్డున ఒక పల్లె వాడు. అతనూ లారీ డ్రైవరే. ఒకరోజు బీరప్పకు జ్వరం వస్తే, అతని బండి బసప్ప తీసుకుపోయాడు. దెర్నా దిగుడులో దాని మీద బాంబు పడింది. సాయంత్రం బీరప్పే పోయి, మూడో మలుపులో చెట్టు కింద తన చేతులతో పూడ్చిపెట్టాడు. బసప్ప తల్లి ఉన్న ఊరు తెలిసి కూడా పదమూడేళ్లుగా ఆ దిక్కు పోలేదు.

కన్నడం మాట చెప్పాను. అతను నా చొక్కా పట్టుకున్నాడు. "ఆరాం ఉన్న అన్నడా? గట్లనే అన్నడా? మల్లొక్కసారి చెప్పు సాబ్." నాలుగైదుసార్లు చెప్పించుకున్నాడు. ఆ తర్వాత కంబళిలో ముఖం పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. వార్డంతా అటే చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఎల్లమ్మ కనబడింది. నేను రాని వారం సుగుణ మంచం దిగిందా అని అడిగాను. "ఎక్కడ దిగుతది అయ్యా, నేను లేపితేనే లేస్తది. ఆ వారమంత పగలు గూడ పండుకునే ఉన్నది. లేపితే, ఇయ్యాల ఏ ఊరు అని అడిగేది. దుప్పట్ల ఇసుక రోజు దులిపిన, ఏడికెల్లి వచ్చేదో" అంది. ఇసుక సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు. వరండాకు గాలి కొడుతుంది. ఏదైనా ఎగిరి వచ్చి పడవచ్చు.

సుగుణ పక్కన మళ్లీ కూర్చున్నాను. బీరప్ప ఏడ్చాడని చెబితే, "మంచిగైంది" అంది. ఏడో రోజు ఏం చేశావని అడిగాను.

"ట్రిపోలీల సముద్రం పొంటి రాతి గోడ ఉన్నది. దాని మీద కూసున్న. పక్కన మీకు జాగ ఉంచిన. పొద్దు గూకేదాక చూసిన." నా సంచి వైపు చూసి, "మీకు సెలవు దొరకలేదేమో అనుకున్న" అంది.

అట్లాసు సంచిలోంచి తీశాను. ఈసారి ఇద్దరం పోదాం, రేపే సెలవుకు రాస్తాను అన్నాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి, "నాకింక సత్తువ లేదు. మీరు పోయి రాండ్రి. తొవ్వ మంచిగనే ఉన్నది" అంది.

గురువారం పగలు స్టేషన్ మాస్టరు నన్ను లోపలికి పిలిచి, వికారాబాదు నుంచి ఫోను వచ్చిందని చెప్పాడు. గూడ్సు బండి గార్డు పెట్టెలో కూర్చుని పోయాను. నేను పోయేసరికి ఆమె మంచం ఖాళీ చేశారు.

ఆ రోజుల్లో ఆ జబ్బు మనుషుల వస్తువులు కాల్చేసేవాళ్లు. దుప్పటి, దువ్వెన, నోటుబుక్కు, నూలు చీర ఒక మూటగా కట్టి ఉంచారు. నన్ను అడిగి అంటించారు. అంతకుముందు చీర చేతిలోకి తీసుకున్నాను. అంచు జానెడు మేర బిరుసెక్కి, తెల్లగా చారకట్టి ఉంది. వేలు తడిచేసి రాసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. ఆ జబ్బులో చెమటలు పడతాయి, నాకు తెలుసు. పైట, రవిక ఎట్లా ఉన్నాయో కూడా చూశాను. వాటి మీద చార లేదు. కాళ్ల దగ్గరి అంచు మీదే ఉంది.

ఆ తర్వాత చాలా విచారించాను. ఆ నెలలో ఆడవాళ్ల వార్డులో కన్నడం మనిషి ఎవరూ లేరు. బీరప్ప జ్వరంలో కలవరించి ఉంటాడనుకుందామంటే, ఆ మాట రెండు కట్టడాల మధ్య దిగుడు దాటి రావాలి. పైగా బసప్ప బాగున్నాడని బీరప్ప ఎందుకు కలవరిస్తాడు? ఆ మాట వినాలని ఉన్నా, అనుకునే ధైర్యం లేనివాడు కదా అతను.

బీరప్పకు జబ్బు నయమైంది. మరుసటి ఏడు ఎండాకాలం తాండూరు వచ్చి, గూడ్సు ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ తల్లి దగ్గరికి పోవాలె సాబ్. ఒక్కన్నే పోలేను" అన్నాడు. ఇద్దరం బండెక్కాం. మూడో స్టేషన్లో దిగి, ఏటి ఒడ్డున నాలుగు మైళ్లు నడిచాం.

బసప్ప తల్లి ముసలామె, చూపు ఆనదు. కొడుకు చనిపోయాడని పట్టాళం నుంచి కాగితం వచ్చిందట. ఎక్కడ, ఎట్లా అన్నది ఎవరూ చెప్పలేదట. బీరప్ప ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. చెప్పవలసినదంతా నేనే కన్నడంలో చెప్పాను. చెట్టు, మలుపు, సముద్రం. చివరికి అతను చెప్పి పంపిన మాట.

ఆమె చాలాసేపు తల ఊపుతూ ఉంది. తర్వాత, నీకెవరు చెప్పారని అడిగింది.

"నా భార్య. ఆమె పోయి చూసింది" అన్నాను. పైకి అట్లా అనడం నాకు అదే మొదటిసారి.

ముసలామె చెయ్యి చాచి నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. నీ భార్య మళ్లీ ఎప్పుడు పోతుందని అడిగింది. ఆమె పోయేముందు తనకు ఒక మాట చెప్పమంది. కొడుకుకు హోళిగలంటే, వేరుసెనగపొడి పెట్టిన బొబ్బట్లంటే, ప్రాణమట, చేసి కట్టిస్తానంది. నాలుగు రోజులైనా పాడుకావట.

సుగుణ ఇక లేదని చెప్పడానికి సరిపడా కన్నడం నాకు వచ్చు. చెప్పలేకపోయాను. "చెబుతానమ్మా" అన్నాను.

ఇది జరిగి పదేళ్లవుతోంది. సుగుణకు ఆ మాట ఎట్లా తెలిసిందో, ఆ వారం ఆమె ఎక్కడ ఉందో నేను చెప్పలేను. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. ఆ ముసలామెతో అబద్ధం ఆడానని మాత్రం ఎంత ప్రయత్నించినా అనుకోలేకపోతున్నాను.