లచ్చిని దుంకించిన ఉగాది

నిన్న మా వీధి మొదట్లో పెళ్లి ఊరేగింపు ఆగినప్పుడు, పెళ్లికొడుకు ఎక్కిన తెల్లగుర్రం మీదనుంచి చెమటా, పాత తోలూ, నానిన సెనగలూ కలిసిన వాసన గుప్పున వచ్చింది, బ్యాండు మోతలో నిలబడ్డ నేను ఉన్నట్టుండి చిన్నపిల్లనైపోయాను.

ఆ వాసన మా చిన్నప్పుడు గుర్రబ్బండ్లు ఆగే టాంగా అడ్డాది. సిద్దిపేటలో ఆటోలు రాని రోజులవి. బస్సు దిగిన చుట్టాలను, కొట్లకు వచ్చిన బస్తాలను ఆ గుర్రాలే మోసేవి. ఉగాది నాడు పొద్దున వేపపువ్వు పచ్చడి తాగి, మధ్యాహ్నం నెయ్యి కారే భక్ష్యాలు తిని, ఎండ చల్లబడ్డాక ఊరంతా కోతలైన చేన్లలోకి పోయేది. అక్కడ జొన్నసొప్ప కట్టలు అడ్డంగా పేర్చి, వాటి మీదుగా టాంగా గుర్రాలను దుంకించే పందెం ఆడేవాళ్లు. ఎక్కేది గుర్రాలు మేపినవాళ్లు కాదు, ఏడాదికోసారి కళ్లెం పట్టే సావుకార్ల కొడుకులు. గుర్రం ఒకరిది, సరదా ఇంకొకరిది. ఇదేం న్యాయమని అప్పుడు ఎవరూ అడగలేదు.

ముందురోజు అడ్డాకు పోయి, ఏ గుర్రం నిలుస్తుందో ఏది నిలవదో చూసి చెప్పడం నలుగురు పెద్దమనుషుల పని. ఇత్తడి సామాన్ల కొట్టు నడిపే మా బాపు అందులో ఒకరు. మిగతావాళ్లు చాయ్ తాగుతూ రంగూ రూపూ చూసి తలలూపేవాళ్లు. బాపు మాత్రం ప్రతి గుర్రాన్నీ నడిపించి, అది తల ఎగరేసే తీరు చూసి, కాళ్ల వెంట అరచెయ్యి జార్చేవాడు. ఒక ఏడు టాంగా తోలే ఎల్లయ్య గోధుమరంగు గుర్రం లచ్చి దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. నన్ను పిలిచి నా చెయ్యి కూడా అక్కడ పెట్టించాడు. ముందరి కాలు గిట్టకు పైన పొయ్యి మీది గిన్నెలా వేడిగా ఉంది.

"కాలు కాగుతుంది. దీన్ని దుంకియ్యొద్దు" అన్నాడు బాపు.

లచ్చిని ఎక్కాలని ముచ్చటపడ్డది బియ్యం సావుకారు కొడుకు. సావుకారు నవ్వి, "ఒక్కపూట దుంకితే సస్తదా?" అన్నాడు. మిగతా ముగ్గురూ ఆయన నవ్వులో నవ్వు కలిపారు. సావుకారు బస్తాలు మోస్తేనే ఎల్లయ్య ఇంట్లో పొయ్యి వెలిగేది. అతను తల వంచుకుని లచ్చి మెడ నిమురుతూ నిలబడ్డాడు.

మర్నాడు మొదటి అడ్డం దగ్గరే లచ్చి మొరాయించింది. ఆ అబ్బాయి కొరడాతో కొట్టాడు. దుంకింది. రెండోదీ దుంకింది. మూడోదాని అవతల కాలు ఆనగానే పుల్ల విరిగిన చప్పుడైంది. జనమంతా కిందపడ్డ అబ్బాయి వైపు ఉరికారు. వాడు లేచి ముందుగా చిరిగిన చొక్కా చూసుకున్నాడు. లచ్చి దగ్గరికి పోయింది ఎల్లయ్య, బాపు, ఆయన చెయ్యి వదలని నేను. పశువుల డాక్టరు వచ్చి, ఇక నిలబడదని చెప్పి, సూదిమందుతో దాని ప్రాణం తీశాడు. ఎల్లయ్య ఏడవలేదు, దాని కళ్ల మీద ఈగలు వాలకుండా తువాలతో విసురుతూనే ఉన్నాడు. ఇటు మేము అట్లా కూర్చునుండగానే అటు రెండో పందెం మొదలుపెట్టారు!

ఇప్పటికీ నా ఒళ్లు మండేది ఆ తర్వాతి మాటలకు. కాలు సంగతి తమకు ముందే తెలుసని ముందురోజు నవ్విన ముగ్గురూ అనడం మొదలుపెట్టారు. రోగపు గుర్రాన్నిచ్చి తన కొడుకు ప్రాణం మీదికి తెచ్చాడని సావుకారు ఎల్లయ్యనే తిట్టాడు. బాపు ఆయన ఎదురుగా పోయి నిలబడ్డాడు.

"వాడు ఇయ్యలే, మీరు గుంజుకున్నరు. గీ మాట నేను ఊరందరి ముంగట జెప్త" అన్నాడు.

చెప్పాడు కూడా. దాంతో మా కొట్టుకు వచ్చేవాళ్లు తగ్గారు, పెళ్లిళ్లకు మమ్మల్ని పిలవడం మానేశారు. ఎల్లయ్య టాంగా అమ్మేసి, పెళ్లాంపిల్లలతో మిరుదొడ్డి వైపు కూలికి పోయాడు.

ఇప్పుడు ఆ చేన్లన్నీ ప్లాట్లయ్యాయి, టాంగా అడ్డా ఆనవాలు లేదు, గుర్రం గిట్టకు నాడా కొట్టేవాడు ఊళ్లో దొరకడు. పోయిన నెల మాత్రం ఒక కుర్రాడు ఫోన్ చేసి, మన పాత పందేన్ని మళ్లీ పెడుతున్నామనీ, బాపు బిడ్డగా నేను ముఖ్య అతిథిగా రావాలనీ అడిగాడు. గుర్రాలెవరివి అన్నాను.

"కిరాయికి తెస్తం మేడమ్" అన్నాడు.

రానని చెప్పాను. ఎందుకో చెబుదామని లచ్చి పేరెత్తాను. లచ్చి ఎవరని అడిగాడు. మొదటినుంచీ చెప్పాను, ఫోన్ పెట్టెయ్యనివ్వలేదు.