అడిగి తెచ్చుకున్న నల్లపూసలు

మా కాలేజీ నారాయణగూడల ఉంటది. ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. నేను అండ్ల జువాలజీ చెప్త. పునరుత్పత్తి పాఠం వచ్చిందంటె చాలు, వెనక బెంచీల ముసిముసి నవ్వులు, ముందు బెంచీలోళ్లు బొమ్మలు గీసుడు. బొమ్మలు మంచిగ గీస్తరు, మార్కులు గూడ మంచిగనే వస్తయి. కాని గర్భం రాకుండ ఏం వాడాలె, ఏడ దొరుకుతది అంటె ఒక్కదానికి తెల్వది.

అందుకే ఓసారి స్టాఫ్ మీటింగుల అడిగేసిన. మన హెల్త్ రూంల గర్భం రాకుండ వేసుకునే గోలీలు, కండోములు పెడ్దాం, లేడీ డాక్టరు వచ్చినప్పుడు అడిగిన పిల్లలకు ఇప్పిద్దాం అన్న. అమ్మో, అప్పుడు చూడాలె ఒక్కొక్కరి మొఖం! తెలుగు చెప్పే సారు తాగుతున్న చాయ్ కప్పు కింద పెట్టేసిండు. ప్రిన్సిపాల్ మేడం మాత్రం నెమ్మదిగనే అన్నది. "మీరు చెప్పేది తప్పని నేననను మేడం. కానీ తల్లిదండ్రులు మనల్ని నమ్మి పంపిస్తున్నారు. రేపు బయటికి తెలిస్తే ఒక్క అడ్మిషన్ రాదు. మీ కూతురైతే ఇస్తారా?"

"ఇస్త" అన్న. నాకు కూతురు లేదని అందరికి ఎర్కే, ఇంక నా మాటకు ఇలువేముంటది? హెల్త్ రూంల ఐరన్ గోలీలు, వేడినీళ్ల సంచి, ఇంత దూది, గవే మిగిలినయి.

ఫైనలియర్ల ఓ పిల్ల ఉండె. ఇరవై దాటినది. ఊరినుంచి వచ్చి అశోక్‌నగర్ల హాస్టల్ల ఉండి చదువుకునేది. ఎమ్మెస్సీ చేసి నా లెక్కనే పాఠాలు చెప్పాలని దాని ఆశ. చదవనిస్తె చెప్తుండె గూడ, అంత చురుకు. ఓ రోజు స్టాఫ్ రూం కాడికొచ్చి, నేల చూస్కుంట, "మేడం, గవి... గర్భం రాకుండ వేసుకునేటియి, మన కాలేజీల దొరుకుతయా?" అని అడిగింది. గ్రూప్స్ చదివే పిలగానితోని దోస్తీ, నౌకరి రాంగనే పెండ్లి చేసుకుంటరట.

"దొరకయి బిడ్డ. శనివారం సర్కారు దవాఖానకు పోదాం, నేనొస్త" అన్న.

"సరే" అని తలూపింది గాని శనివారం దాక ఆగలే. నన్ను దాంతోని ఆడ ఎవరన్న చూస్తె నాకు చెడ్డపేరొస్తదని భయపడిందట. చూడున్రి, నా గురించి భయపడ్డది!

ఆ హాస్టల్ల ఓ పెండ్లయినామె ఉంటది, ఆమె గూడ పరీక్షలకే చదువుతది. ఆమె నల్లపూసలు, మెట్టెలు పిల్లలందరికి అక్కరకొస్తయి. డాక్టరు కాడికి పోవాలంటె అడిగి వేసుకుంటరు, లేకుంటె ఎగాదిగ చూస్తరు కద. ఇది గూడ గవే వేసుకొని, అశోక్‌నగర్ల అందరు ఎర్కనేనని చిక్కడపల్లికి నడిచొచ్చి, మా గల్లీ మెడికల్ షాపుల అడిగింది. ఆ పిలగాన్ని పంపొచ్చు కద అని తర్వాత నేనంటె, "ఆయనకు సిగ్గు మేడం" అన్నది.

ఆ షాపాయన నాకు ఎన్నేండ్లనుంచో తెల్సు. మంచి మనిషి, గదే నా బాధ. మెడల పూసలు చూసి మారుమాట్లాడకుండ గోలీలు ఇచ్చిండు. చిల్లరిచ్చుకుంట, అందర్ని అడిగినట్టె, "ఏ ఊరు బిడ్డ?" అన్నడు. గా ప్రశ్నకు అబద్ధం చెప్పుడు మన పిల్లలకు చేతగాదు. ఊరు చెప్పింది, నాయిన పేరు గూడ చెప్పింది. ఆయన చెల్లెనిచ్చింది ఆ ఊరికే.

ఇంకేముంది, సంబురంతోని, ఎందుకని చెప్పకుండనే చెల్లె దగ్గర నంబరు తీస్కొని వాళ్ల నాయినకు ఫోన్ కొట్టిండు. "ఏందన్నా, బిడ్డ మెడల నల్లపూసలు చూసిన, పెండ్లి చేస్తివి, ఒక్క మాట చెప్పవైతివి! బువ్వ పెట్టాల్సొస్తదనా?" ఏం కొన్నదో మాత్రం చెప్పలేదు, అంత మర్యాద ఉన్నది ఆయనకు. కాని ఆ తండ్రి ఫోన్ ఎప్పుడు స్పీకర్ల పెట్టే మాట్లాడ్తడట. పక్కన నలుగురు కూసున్నరు. పాపం, ఏం చేస్తడు? "ఏదో, జల్దిల అయిపోయింది అన్నా" అన్నడు.

తెల్లారి బిడ్డను తీస్కపోనీకి కాలేజీకొచ్చిండు. "కొడ్దామనే వచ్చిన మేడం, దాని మొఖం చూస్తె చెయ్యి లేవలే" అన్నడు. పిలగాని పేరు ఎంత అడిగినా అది చెప్పలేదు. కులం వేరు, చెప్తె వాన్ని బతకనియ్యరని దాని భయం.

"పెండ్లి కాలేదంటె, నల్లపూసలెందుకు వేసుకున్నది అంటరు. అయిందంటె, అల్లుడేడి అంటరు. మా అక్క కొడుకున్నడు. ఈ ఆదివారమే ఎవ్వల్ని పిలువకుండ గుళ్లె చేస్తున్నం" అన్నడు తండ్రి.

"పరీక్షలు దగ్గరికొచ్చినయి. రాసినంక చెయ్యున్రి" అని బతిమిలాడిన.

"అయిందని నేనే ఒప్పుకుంటి కద మేడం. ఇంకెట్ల ఆపుదు?"

పోలీసుల మాట ఎత్తిన. ఆ పిల్లనే నా చెయ్యి పట్టుకొని, "వద్దు మేడం, మా నాయిన చచ్చిపోతడు" అన్నది. ప్రిన్సిపాల్ కాడికి ఉరికిన. "అది వాళ్ల ఇంటి విషయం" అన్నది. తిరిగొచ్చేసరికి తండ్రీ బిడ్డలు గేటు దాటుతున్నరు. దాని పుస్తకాల సంచి ఆయనే మోస్తుండు.

పరీక్షలకు అది రాలే.

మొన్న బీపీ గోలీలకని ఆ షాపుకు పోయిన. ఆయన నవ్వుకుంట అన్నడు, "మేడం, మా దిక్కు పిల్ల ఒకామె మీ కాలేజీలనే చదివిందట కద? బంగారమసొంటి బిడ్డ. ఈ కాలంల పెండ్లయినంకనే గవి అడగనీకి వచ్చేటోళ్లు ఎందరున్నరు చెప్పున్రి?"

నోటిదాక వచ్చింది. ఇప్పుడు నిజం చెప్తె దాని కాపురం గూడ కూలుతది.

"అవునన్నా, బంగారమే" అని గోలీలు తీస్కొని ఇంటికొచ్చిన.