వదిన కంటే ముందు పొంగిన పాలు

ఎనిమిదేళ్ల కిందట మా వదినకు చెప్పవలసిన మాట ఒకటి చెప్పకుండా మింగేశాను. అది బయటపడకుండా ఇన్నేళ్లు నెట్టుకు రావడమే నా తెలివనుకున్నాను. పోయిన వారం పొద్దున బోధన్ బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ ఫోను తెరిస్తే, అప్పుడెప్పుడో మా దగ్గర మూడు రోజులుండి వెళ్లిన ఒక హైదరాబాదు ఆమె రాసిన నాలుగు వాక్యాలు కనబడ్డాయి. వాళ్లమ్మ పోయిందట. పోయే ముందు కూడా కాలువ పక్క ఇంట్లో తాను పాలు పొంగించిన సంగతి తలుచుకుని నవ్విందట. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఆ వంటగది వాళ్లకొకసారి చూపిస్తాను, గది ఖాళీ ఉందా అని అడిగింది. చాయ్ చల్లారిపోయింది. ఎందుకంటే ఆ వంటగది నాది కాదు, అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. అది మా వదినది.

ఇప్పుడు నాకు కాలువ గట్టు వెంట సొంతంగా రెండు చిన్న ఇళ్లున్నాయి, వాటిని రెండు రోజులకూ మూడు రోజులకూ విహారానికి వచ్చేవాళ్లకు ఇస్తుంటాను, దాని మీదే బతుకుతున్నాను. ఈ పనిలో ఎట్లా దిగావని ఎవరడిగినా ఏదో ఒక కథ చెప్పేవాణ్ణి. అసలు కథ ఇది. మా చుట్టాల్లో చాలామంది నన్ను అన్న ఇంటికి కాపలా ఉన్న తమ్ముడిగా మెచ్చుకుంటారు కనుక, వాళ్లు కూడా ఇది చదవాలి.

మా అన్న పద్దెనిమిదేళ్లు గల్ఫులో సెంట్రింగు పని చేశాడు. రుద్రూరు దాటాక నిజాంసాగర్ కాలువ పక్కన జాగా కొని, ఏటికి కొంత చొప్పున ఇల్లు లేపాడు. మేస్త్రీలను పురమాయించడం, ఇసుక దింపించడం, తలుపుల కొలతలు చూడడం అంతా నా వంతు. ఇల్లు పూర్తయ్యేనాటికి అన్నకు సెలవు దొరకలేదు. ఇదిగో వచ్చే నెల, అదిగో పండుగ తర్వాత అంటూ కంపెనీవాళ్లు ఏడాదికి పైగా తిప్పారు. వదిన అప్పుడు బోధన్‌లో మాతోపాటే ఇరుకింట్లో ఉండేది. కమ్మర్‌పల్లిలో పుట్టింటికి పోయి వచ్చినప్పుడల్లా అక్కడి వాళ్లు, కొత్తింట్లో ఎప్పుడు దిగుతున్నవే అని ఆమెను పొడిచేవాళ్లు. తాళం తీసి ఒకసారి చూసి రమ్మని నేనూ నా భార్యా ఎన్నిసార్లు చెప్పినా ఆమెది ఒకటే జవాబు.

"ఆయన లేకుంట నేనొక్కదాన్ని గడప దాటి ఏం జెయ్యాలె? ఇద్దరం కలిసే కాలు పెడ్తం. గప్పటిదాంక గేటు కాడికెల్లే సూస్త."

నిజంగానే గేటు దగ్గర నిలబడే చూసింది. రంగులు వేసినప్పుడు, కిటికీలకు అద్దాలు బిగించినప్పుడు, వంటగదిలో నల్లరాయి బండ పరిచినప్పుడు, లోపలి సంగతులన్నీ నేను వచ్చి చెబితే విని ఊహించుకునేది. పొయ్యి ఏ మూలన వస్తుంది, నిలబడితే కిటికీలోంచి ఏం కనబడుతుంది అని నన్ను అడిగి అడిగి తెలుసుకునేది. చెరుకు కనబడుతుంది వదినా, దాని వెనక కాలువ అని చెప్పేవాణ్ణి.

తాళం నా జేబులో ఉండేది. అప్పట్లో నేను బోరు మోటార్లు రిపేరు చేసే దుకాణం నడిపేవాణ్ణి, వానలు పడితే దానికి గిరాకీ ఉండదు. హైదరాబాదులో ఉన్న నా దోస్తు ఒకడు, ఖాళీ ఇళ్లను ఫోటోలు తీసి యాప్‌లో పెడితే జనం వచ్చి రెండు మూడు రోజులు ఉండి వెళ్తున్నారని చెప్పాడు. నేను నమ్మలేదు. మా రుద్రూరు పక్క చెరుకు తోటల్లో ఉండడానికి ఎవరొస్తారు అని నవ్వాను. ఊరికే చూద్దామని మేడ మీద నుంచి నాలుగు ఫోటోలు తీసి పెట్టాను. పెట్టిన తొమ్మిదో రోజున ఫోను గణగణలాడింది. ఒక కుటుంబం, ఐదుగురు, మూడు రోజులు.

మన వయసు వాళ్లకు తెలుస్తుంది ఆ సంబరం. ఉత్తరం కోసం ఎదురుచూసి పెరిగినవాళ్లం, ఎన్నడూ చూడని మనిషి మన ఇంటికొస్తానని ఫోనులో అడగడమంటే అదేదో మాయలాగే ఉంటుంది. వాళ్లు వచ్చేదాకా ఉన్న నాలుగు రోజులూ నేను కుదురుగా కూర్చోలేదు. నిజామాబాద్ పోయి దుప్పట్లు, బకెట్లు, గ్యాసు పొయ్యి, గిన్నెలు తెచ్చాను. పూలున్న దుప్పట్లు కొనాలా, గీతలున్నవా అని దుకాణంలో అరగంట నిలబడ్డాను. మంచాలు బంధువుల పెళ్లి కోసమని అబద్ధమాడి కిరాయికి తెచ్చాను. వాళ్లొచ్చేనాటి పొద్దున పెద్ద వాన కురిసి వెలిసింది, కాలువ నిండుగా పారుతోంది, చెరుకాకుల మీద నీళ్లు మెరుస్తున్నాయి. నాలుగుసార్లు గేటు దగ్గరికి పోయి రోడ్డు చూశాను.

కారు దిగినవాళ్లలో కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ. పెద్దావిడది గోదావరి జిల్లా. వాళ్ల మేనమామ ఎన్నడో ఇక్కడికి వచ్చి కాలువ కింద భూమి కొని సాగు చేశాడట, చిన్నప్పుడు వినడమే గాని చూడలేదు, ఆ నీళ్లూ ఆ నేలా చూసిపోదామని కూతుర్ని సతాయించి వచ్చింది. గడప దగ్గరికి రాగానే ఆగిపోయింది. వంగి చూసి నా మొహం వంక చూసింది.

"ఏం బాబూ, గడపకి పసుపు లేదేంటి? పాలు పొంగించలేదా ఇంకా?"

"లేదమ్మా."

"ఇల్లు నీదేనా?"

ఆ ఒక్క ప్రశ్న దగ్గర నిజం చెప్పి ఉంటే ఈ కథే లేదు. మా అన్నది, మా వదిన ఇంకా లోపలికి రాలేదు అని చెప్పడానికి ఎంతసేపు? చెబితే వాళ్లు వెనక్కి పోతారేమోనని భయం, అంతకంటే ఎక్కువగా, అంత పెద్ద ఇంటి ముందు నిలబడి నాదేనని చెప్పుకోవడంలో ఏదో కిక్కు. నాదేనన్నాను.

"మరి పాలు పొంగించకుండా మాకు ఇచ్చేశావా? భలేవాడివయ్యా. ఆ పొయ్యి మీద నేను అన్నం ఎలా వండను?" అని ఆమె అక్కడే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. అమ్మా, మనం మూడు రోజులుండి పోయేవాళ్లం, మనకెందుకు అని కూతురు లాగుతోంది. అప్పుడు నా నోటితో నేనే అన్నాను, మీరే పొంగించండమ్మా అని.

ఇది ఎవరో నాతో చేయించిన పని కాదని చెప్పడానికే ఈ రాత. పక్క చేను రైతు ఇంటికి పరుగెత్తి చెంబెడు పాలు తెచ్చింది నేను. పసుపు తెచ్చింది నేను. పిల్లలకు ముగ్గుపిండి చేతికిచ్చింది నేను. ఆమె తడి చేత్తో గడపకు పసుపు రాస్తుంటే, పిల్లలు వంకరటింకర ముగ్గు పెడుతుంటే, నాకు ఒళ్లంతా తెలియని ఉత్సాహం. పాలు గిన్నె అంచు దాకా వచ్చి ఒక్క క్షణం ఆగి తూర్పు వైపుకు పొంగినప్పుడు అందరం కలిసి చప్పట్లు కొట్టాం. ఆమె అందులోనే బియ్యం వేసి పరవాన్నం వండి, మొదటి గరిట నా చేతిలో పెట్టి, నీ ఇల్లు చల్లగా ఉండాలి అని దీవించింది. నేను తిన్నాను. ఎంత బాగుందో ఇప్పటికీ నాలుకకు గుర్తుంది. ఆ పరవాన్నం తినేటప్పుడు వదిన మొహం నా కళ్ల ముందుకు రాలేదు. నా తప్పంతా అందులో ఉంది.

మర్నాడు నిజాంసాగర్ ప్రాజెక్టు గేట్లు ఎత్తారని తెలిసి, వాళ్ల కారుకు ముందు నేను మోటారు సైకిలు మీద దారి చూపిస్తూ పోయాను. తుంపర్లలో తడిసి పిల్లలు కేకలు పెడుతుంటే పెద్దావిడ కొంగు బిగించి, మా మావయ్య పొలానికి వచ్చే నీళ్లు ఇవేనన్నమాట అని కళ్లప్పగించి చూసింది. ఇంటికొచ్చాక తడిసిన బట్టలు మేడ మీద ఆరేశారు. సరిగ్గా అదే సాయంత్రం మా వదిన వర్ని నుంచి బస్సులో వస్తూ కిటికీలోంచి చూసింది.

"తమ్మీ, రంగులేసెటోళ్లు గిప్పుడు గౌన్లు తొడుక్కుంటున్నరా?" అని ఇంటికి రాగానే అడిగింది.

"పెండ్లాం పిల్లల్ని తోల్కొచ్చుకున్నరు వదినె" అన్నాను.

"రంగులు అయిపోవచ్చినయంటివి గద."

"రెండో చుట్టు ఏస్తున్నరు."

ఆ పిల్లలు ఏం తింటున్నారో ఏమోనని వదిన తెల్లారి లేచి, పల్లీలూ నువ్వులూ ఎక్కువ వేసి సర్వపిండి కాల్చి, గుడ్డలో చుట్టి నాకిచ్చింది. నేను తీసుకుపోయి పెద్దావిడ ముందు పెట్టాను. ఇంత రుచిగా ఎవరు చేశారని ఆమె అడిగితే, మా ఇంట్లోవాళ్లు అన్నాను. తర్వాత కూతురు ఆ సర్వపిండి గురించి యాప్‌లో ఎంత గొప్పగా రాసిందంటే, అది చదివి వచ్చిన వాళ్లందరూ ముందు దాన్నే అడిగేవాళ్లు. ఆ వానాకాలం పొడుగునా వారానికొక కుటుంబం వచ్చింది, వారానికొకసారి మా వదిన రంగులేసేవాళ్ల పిల్లల కోసం రొట్టె కాల్చింది.

"ఇంకెన్ని దినాలు ఏస్తరు తమ్మీ రంగులు? గదేమన్న ఇందూరు ఖిల్లానా?" అని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

చలికాలం మొదట్లో అన్నకు సెలవు దొరికింది. యాప్‌లో ఫోటోలు తీసేశాను. మంచాలు వాపసిచ్చి, దుప్పట్లు, పొయ్యి, గిన్నెలు దుకాణం వెనక దాచి, ఒక పూటంతా ఒంటరిగా కూర్చుని గడపకున్న పసుపును పీచుతో రుద్ది రుద్ది కడిగాను. ఒకామె మనసారా రాసిన పసుపు అది. చేతులు మండినా ఆగలేదు.

గృహప్రవేశం నాడు అన్నా వదినా కొంగులు ముడేసుకుని లోపలికి అడుగుపెట్టారు. ఏడాదికి పైగా నా మాటల్లోనే చూసిన వంటగదిలోకి వదిన మొదటిసారి వెళ్లి, కిటికీ దగ్గర నిలబడి, నువ్వు చెప్పినట్టే ఉంది తమ్మీ అన్నది. పాలు పొంగినప్పుడు ఆమె కళ్లనీళ్లు ఆపుకోలేదు. భోజనాల దగ్గర అన్న అందరి ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మా తమ్ముని కావలి లేకుంటె ఈపాటికి గీ ఇంట్ల కోళ్లు గుడ్లు పెడ్తుండె. పిట్టను గూడ జొరనియ్యలే" అని నవ్వి, నాకూ నా భార్యకూ కొత్త బట్టలు పెట్టాడు. తీసుకున్నాను. అవి కట్టుకుని ఫోటో కూడా దిగాను.

తర్వాత నా సొంత ఇళ్లు వచ్చాయి, నా పని పెరిగింది. ఇప్పుడు వచ్చేవాళ్లు తలుపు తాళం తెరిచే నంబరు ఫోనులో అడుగుతారు, వాళ్లే తీసుకుంటారు, వాళ్లే వేసుకుని పోతారు. వంటగదిలో పొయ్యి వెలిగించేవాళ్లే తక్కువ, భోజనం బోధన్ నుంచి బండి మీద వస్తుంది. వచ్చిందెవరో నాకు తెలియదు, ఇల్లెవరిదో వాళ్లకక్కరలేదు. గడప దగ్గర ఆగి, ఇల్లు నీదేనా బాబూ అని అడిగేవాళ్లు ఈ ఎనిమిదేళ్లలో మళ్లీ తగల్లేదు. అడిగిన ఒక్క మనిషికీ నేను అబద్ధం చెప్పాను.

ఆ కూతురికి జవాబుగా, ఆ ఇల్లు ఇప్పుడు ఇవ్వడం లేదమ్మా అని ఫోనులో రాశాను. పంపలేక చెరిపేశాను. మర్నాడు పొద్దున వదిన దగ్గరికి పోయాను. అన్న ఇప్పుడు గల్ఫు మానుకుని వచ్చేశాడు, ఆ పూట చేనుకు పోయాడు. వదిన వరండాలో మక్క కంకులు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను. ముందు ఆ కూతురు ఫోనులో రాసింది చెప్పాను, ఒకసారి కారు వచ్చిన దగ్గరికి చేరాక ఆగలేదు. వాన, ముగ్గు, పాలు, గేట్ల తుంపర్లు, ఆరేసిన గౌన్లు, అన్నీ చెప్పుకుపోయాను. చెబుతుంటే ఆనాటి ఉత్సాహం మళ్లీ ఎక్కింది, చేతులు కూడా ఊపాను.

వదిన కంకి పక్కన పెట్టింది.

"పాలు ఏ దిక్కు పొంగినయ్?"

"తూర్పుకు."

"మంచిగ పొంగినయ్ మరి. ఆ పిల్లను రమ్మను, వాళ్లమ్మ నిలబడ్డ జాగ నేనే సూపెడ్త. సర్వపిండి గూడ జేస్త." మళ్లీ కంకి అందుకుని, నా వైపు చూడకుండానే అన్నది, "సినిమా సూపెట్టినట్టు చెప్పినవ్ తమ్మీ. తప్పయిందన్న మాట మాత్రం ఒక్కపారి గూడ రాలే."

నిజమే, రాలేదు. అన్నీ చెప్పేశాను గనుక అదే క్షమాపణ అనుకున్నాను. లేచి నిలబడ్డాను.

"తప్పయింది వదినె. ఇల్లు నాది గాదు, నాదని చెప్పిన. నీ పొయ్యి మీద నీ కంటె ముందు పాలు పెట్టుమని నేనే అన్న. తెల్వక చేసింది గాదు, అడిగితె వద్దంటవని దాచిన. నన్ను మాఫ్ చెయ్యి."