ఆరు జానల గీత

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. అందరికీ ఆమె కొలతలమ్మే. తాపీమేస్త్రీ కూతురు. నాన్న తన టేపును ఎప్పుడూ ఎక్కడో పారేసుకునేవాడు. అప్పుడు కూతురి చేతిని గోడకు ఆనించి, "నీ జానతో చెప్పవే, ఎన్నొచ్చింది?" అనేవాడు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఆ జాన పెరిగి పెరిగి ఎనిమిది అంగుళాల దగ్గర ఆగింది. ఆ తర్వాత వెంట్రుకవాసి కదల్లేదు.

పెళ్ళయి వచ్చిన మూడో రోజున అత్తవారి వంటింటి గుమ్మాన్ని జానలతో కొలుస్తుంటే, ఎదురింటి అత్త చూసి, "మీ కొత్తకోడలు ఇల్లు అమ్మకానికి పెట్టేట్టుంది, కాస్త చూసుకోండి" అని నవ్వింది. కొలతలమ్మ పని ఆపకుండానే, "రేపొచ్చే పిండిడ్రమ్ము ఇందులోంచి పట్టదండీ" అంది. పట్టలేదు. ఆ రోజు నుంచి ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది.

ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు తోటికోడళ్ళు. పొత్తులో తొమ్మిదెకరాలు, ఒక ట్రాక్టరు, దాని వెనక తగిలించే పాత ట్రాలీ. ట్రాక్టరు తోలేది మగవాళ్ళు. ట్రాలీలో సరుకును పారలతో కిందికి లాగేదీ వాళ్ళే. అందులోకి ఎత్తేది మాత్రం ఆడవాళ్ళు. పశువుల ఎరువైనా, మొక్కజొన్న కంకులైనా, ఉల్లిగడ్డలైనా గంపలకెత్తి, నెత్తిన పెట్టుకుని నడిచి, అంచు మీదుగా లోపలికి కుమ్మరించాలి. తోటికోడళ్ళిద్దరికీ తోడు ఎదురింటి అత్త, ఆ వీధిలోనే ఉండే మరో ఇద్దరు. మొత్తం ఐదుగురి జట్టు.

ఆ జట్టుకో కట్టుబాటు ఉంది. పది గంపలు నింపినామె తర్వాతి పది గంపలు ఎత్తాలి. ఎత్తినామె మళ్ళీ నింపడానికి కూర్చోవాలి. ఈ కట్టుబాటు పెట్టింది పెద్ద తోటికోడలే. కొలతలమ్మ ఆమెను అక్కా అంటుంది. పొలం గల ఇంటి పెద్దకోడలన్న పేరు చెప్పుకుని ఆమె రోజంతా నింపే దగ్గరే కూర్చుని ఉండొచ్చు, ఎవరూ అడిగేవాళ్ళు లేరు. కూర్చోలేదు. "పొలం మాదైతే నా నెత్తిన గంప బరువు తగ్గుతుందా? వంతంటే వంతే" అంది. పదిహేనేళ్ళుగా ఆ మాట చెల్లుతూనే ఉంది.

ఈ ఏడాది ఆ మాటే ఆమె మెడకు చుట్టుకుంది. కుడి భుజం బిగుసుకుపోయింది. గిన్నె అందుకోవాలన్నా, జడ ముడేసుకోవాలన్నా ఎడమ చేతితోనే. ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి, రోజూ వేళ్ళతో గోడ మీద పాకుతూ చేతిని పైకి తీసుకెళ్ళమని చెప్పింది. అక్క ఆ పని ఎవరికీ అనుమానం రాకుండా వంటింట్లో పిండి కలిపేటప్పుడు చేసుకునేది. బల్లి పాకినట్టు పిండివేళ్ళు గోడ మీద నాలుగంగుళాలు పాకి, ఒక చోట ఆగిపోయేవి. రోజూ అక్కడే. అక్కడొక తెల్లటి మచ్చ తేలింది.

అక్క భర్త, బావగారు, ఆ మచ్చను చూసి విసుక్కున్నారు. "గోడ నిండా ఈ మరకలేంటి? సున్నం వేసి ఏడాది కాలేదు."

"పిండిచేత్తో ఆనుకున్నానండీ. తుడుస్తాలెండి" అంది అక్క.

కొలతలమ్మ మాత్రం ఆ మచ్చను చూసి ఊరుకోలేదు. నేల నుంచి జానలు వేసుకుంటూ వెళ్ళింది. ఆరు. నెల పోయాక మళ్ళీ కొలిచింది. ఆరే.

"బావగారికి చెప్పకూడదా అక్కా?"

"చెప్తే ఏమంటారు?"

"ఇంట్లో ఉండమంటారు."

"అందుకే చెప్పను. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ మట్టిలో తిరిగాను. ఇప్పుడు గడప దగ్గర కూర్చుని కోళ్ళను అదిలించమంటావా? నువ్వూ చెప్పకు. నా మీద ఒట్టే."

ఒట్టు వేయించుకున్నామె బాగానే ఉంది గానీ, దాన్ని మొయ్యాల్సింది చెల్లెలు కదా. జట్టులో గంపల లెక్క చూసేది కొలతలమ్మే. ఆ ఏడాది ఆమె లెక్క తప్పడం మొదలైంది. అక్క నింపుతుంటే పది గంపలు పదమూడయ్యేవి. అక్క ఎత్తుతుంటే పది కాస్తా నాలుగయ్యేవి. మిగతావి కొలతలమ్మే ఎత్తేసేది.

"ఏమే, మీ నాన్న కట్టిన గోడలన్నీ ఇలాగే వంకరా?" అంది ఎదురింటి అత్త ఒకరోజు.

"ఎండకి బుర్ర తిరుగుతోంది అత్తా."

"తిరిగినప్పుడల్లా మీ అక్క వైపే తిరుగుతోందేం?" అని, అత్త ఇంకేం అనకుండా గంప నెత్తికెత్తుకుంది. తెలిసి ఊరుకునేవాళ్ళు ఉండబట్టే కూలి బతుకుల్లో కాస్త తడి ఉంది.

కానీ అక్కకూ లెక్క వచ్చు. ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ తల ఎత్తకుండా అంది: "నీ దొంగలెక్క మీద ఎన్నాళ్ళు నిలబడనే? వంతు ఎత్తలేని రోజున నేనే మానేస్తాలే."



సరిగ్గా అప్పుడే పాత ట్రాలీ అడుగురేకు తుప్పు పట్టి, కంకులు దారిపొడవునా రాలడం మొదలైంది. అన్నదమ్ములిద్దరూ కూర్చుని తేల్చుకున్నారు: ఈసారి లేచే ట్రాలీ కొనాలి. కింద జాకీ ఉంటుంది. ట్రాక్టరు సీట్లో కూర్చుని మీట లాగితే తొట్టి ముందువైపు పైకి లేచి, సరుకంతా వెనక్కి జారిపోతుంది. వాళ్ళ ఆశ తప్పేం కాదు. చిన్నాయన, అంటే కొలతలమ్మ భర్త, పార పట్టీ పట్టీ నడుం వంగిపోయి, మంచం దిగడానికి గోడ సాయం అడుగుతున్నాడు.

"మేమూ వస్తాం చూడ్డానికి" అంది కొలతలమ్మ.

"ట్రాలీ చూడ్డానికా? నువ్వెందుకు?" అన్నాడు భర్త.

"వాడేదాన్ని కనక."

అక్క రానంది. కొలతలమ్మ ఒక గంప మాత్రం చంకన పెట్టుకుని ట్రాక్టరెక్కింది.

ట్రాలీలు తయారుచేసే వెల్డింగు షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. నేలంతా ఇనపరజను, కాలిన రంగు వాసన. గోడకు ఒక పట్టిక వేలాడుతోంది. ఎన్ని టన్నులు, రేకు మందమెంత, జాకీ ఎంత ఎత్తు లేపుతుంది, టైరు సైజెంత, అన్నీ అందులో ఉన్నాయి. నింపే మనిషి భుజం ఎత్తెంతో రాసుకోవడానికి మాత్రం గడి లేదు. ఏ యంత్రం పట్టికలోనైనా ఇంతే. కొనేవాడి కష్టం రాస్తారు గానీ మోసేదాని కష్టం రాయరు.

షెడ్డు యజమాని అన్నదమ్ములతోనే మాట్లాడాడు. "ఐదు టన్నులన్నా. మూడు మడతల జాకీ. మీట లాగితే చాలు, పార పట్టే పనే లేదు." లాగి చూపించాడు. నీలంరంగు తొట్టి మూలుగుతూ ఆకాశంలోకి లేచింది. చిన్నాయన దాన్ని చూస్తూ తెలియకుండానే తన నడుం నిమురుకున్నాడు.

తొట్టి దిగాక కొలతలమ్మ దాని పక్కన చేరి, నేల నుంచి అంచుదాకా జానలు వేసింది. చివరి జానకు చెయ్యి తల పైకి చాచాల్సి వచ్చింది.

"ఏమ్మా, దానికి జాకెట్టు కుట్టిస్తారా?" అన్నాడు యజమాని.

"గుడ్డ చాలదండీ. ఎనిమిదిన్నర జానలుంది. నేను ఏడున్నర."

"అయితే?"

"దించడం జాకీ చేస్తుంది. ఎత్తడం ఎవరు చేస్తారు?"

"కూలోళ్ళు చేస్తారు."

"ఆ కూలిదాన్ని నేనే."

యజమాని కాస్త తగ్గాడు. "తొట్టి కింద జాకీ పట్టాలి కదమ్మా, లేచే ట్రాలీ అంటే ఎత్తుగానే ఉంటుంది. స్టూలేసుకోండి."

"నెత్తిన గంపతో స్టూలెక్కి మీరోసారి చూపించండి, నేర్చుకుంటాం."

బావగారికి ఈ వాదన నచ్చలేదు. "ఒక గంప వెయ్యడానికి ఇంత రాద్ధాంతమా?" అంటూ కొలతలమ్మ తెచ్చిన గంపలో షెడ్డు మూల ఉన్న ఇసుక నింపించి, తనే నెత్తికెత్తుకుని అంచుకు విసిరారు. ఇసుక సగం తొట్టిలో పడింది. సగం తిరిగొచ్చి చొక్కా కాలరులోంచి వీపు మీదికి దిగింది.

"అన్నయ్యా, ట్రాలీలో ఎంత పడింది, చొక్కాలో ఎంత పడింది? అదీ కొలిపిద్దామా?" అన్నాడు చిన్నాయన.

"రోజుకి రెండొందల గంపలు బావగారూ" అంది కొలతలమ్మ నెమ్మదిగా.

ఆయన చొక్కా దులుపుకుంటుంటే, ఆమె యజమానినడిగి సుద్దముక్క తీసుకుంది. నీలంరేకు మీద ఆరు జానల దగ్గర అడ్డంగా గీత గీసింది. "ఈ గీత దాటని ట్రాలీ కావాలి మాకు."

బావగారు గీతను చూశారు, మరదలిని చూశారు. "నీ తలే ఏడున్నర దగ్గరుంది. చెయ్యెత్తితే తొమ్మిదికి అందుతుంది. మధ్యలో ఈ ఆరేంటమ్మా?"

కొలతలమ్మకు అసలు సంగతి చెప్పేయాలనిపించింది. అక్క ఒట్టు అడ్డుపడింది. "ఊరికే బావగారూ. ఆరైతే బావుంటుందని."

కొలతల విషయంలో ఊరికే అన్న మాట ఆమె నోట ఆయన ఎప్పుడూ విని ఎరగరు. ఏదో తేడా ఉందనిపించి, గీత మీద అరచెయ్యి వేశారు. చెయ్యి తీస్తే వేళ్ళకు తెల్లగా అంటుకుంది. ఆ తెలుపును అలా చూస్తూ ఉండిపోయారు. ఆ ఎత్తులోనే, ఆ తెలుపే, వంటింటి గోడ మీద. తను విసుక్కున్న గోడ. ఎన్నాళ్ళుగానో ఎడమ చేత్తో అందుతున్న మంచినీళ్ళ గ్లాసు. ఆయన మళ్ళీ కుడిచెయ్యి గీత దగ్గర పెట్టి, అంతకు పైకి పోనట్టుగా అక్కడే ఆపి, తల ఎత్తి తొట్టి అంచును చూశారు. అది చాలా ఎత్తున కనిపించింది.

"ఆ వెనకాల ఉన్నదేంటి?" అని అడిగారు యజమానిని.

షెడ్డు వెనక తుప్పురంగులో ఒక చిన్న ట్రాలీ ఉంది. ఎవరో చేయించుకుని మళ్ళీ వద్దన్నది. చక్రాలు చిన్నవి. కొలతలమ్మ పరుగున వెళ్ళి కొలిచింది. అంచు ఆరు జానలకు రెండు వేళ్ళు తక్కువ. పైగా పక్క తలుపులు బిజాగిరీల మీద కిందికి వాలతాయి. అప్పుడు తొట్టి అడుగు నాలుగున్నర జానలే, చంకనున్న గంపను నెత్తికెత్తకుండా పక్కకు తోసి కుమ్మరించొచ్చు.

"అది మూడున్నర టన్నులేనన్నా. పొట్టి జాకీ, తొట్టి నిలువునా లేవదు. తడి ఎరువు అంటుకుపోతుంది. మళ్ళీ పార పట్టాల్సిందే. తర్వాత నన్ననొద్దు" అన్నాడు యజమాని.

"అన్నయ్యా, నా నడుం..." అన్నాడు చిన్నాయన.

"తెలుసురా. ఇద్దరం పడదాం. నువ్వు సగం, నేను సగం."

తమ్ముడికేం అర్థం కాలేదు గానీ, అన్న అలా అనడం కొత్త కాబట్టి తలూపాడు.

ఇంటికొచ్చాక బావగారు భార్యనేమీ అడగలేదు. కాళ్ళు కడుక్కుని వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆ గోడ తుడుస్తానన్నావుగా, తుడవకు. ఉండనీ" అని వెళ్ళిపోయారు.

అక్క చెల్లెలి వైపు తిరిగింది. "చెప్పేశావా?"

"ఒక్క ముక్క చెప్పలేదు. గీత గీశానంతే."

అక్క గిన్నెలోకి చూస్తూ చాలాసేపు పిండి కలిపింది. కలపాల్సినదానికన్నా ఎక్కువే కలిపింది. "మరి ఇంట్లో ఉండమనలేదేం?" అంది చివరికి.

"పొట్టి ట్రాలీ కొన్నారుగా" అంది కొలతలమ్మ.

కొత్త ట్రాలీతో మొదటి పని ఎరువు తోలడం. షెడ్డు యజమాని చెప్పినట్టే అయింది. తొట్టి లేచినంత లేచి ఆగింది. తడి ఎరువు మాత్రం ముద్దగా అడుక్కి కరుచుకుని, ఎండలో పడుకున్న గేదెలా కదల్లేదు. తొట్టి కిందికి దించి, అన్నదమ్ములిద్దరూ పారలతో లోపలికెక్కారు. రెండు లోడ్లు అలాగే లాగారు.

"లేచే ట్రాలీ అన్నారు. లేచి కూర్చుని మనల్నే చూస్తోంది" అన్నాడు చిన్నాయన నడుం పట్టుకుని. బావగారు చెమట తుడుచుకుని మళ్ళీ పార అందుకున్నారు. భర్త నడుం చూసి కొలతలమ్మ మొహం చిన్నబోయింది. ఒకరి భుజం కాపాడబోయి ఇంకొకరి నడుం విరుస్తున్నానా అనుకుంది.

అప్పటిదాకా తొట్టిలోకి తొంగిచూస్తూ నిలబడ్డ అక్క అంది: "పీట మీద పొడిపిండి చల్లకుండా ముద్ద వేస్తే అంటుకోక ఏమవుతుంది? అడుగున పొట్టు చల్లండి."

మగవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇరవై ఏళ్ళు ఎరువు తోలినా ఆ సంగతి తట్టలేదు వాళ్ళకి. తట్టాలంటే రోజూ పీట ముందు కూర్చుని ఉండాలి. కళ్ళంలో మొక్కజొన్న పొట్టు గుట్టగా పడి ఉంది. అక్క పక్క తలుపు వాల్చి, ఎడమ చేత్తో తొట్టి నిండా పొట్టు చల్లింది. మూలమూలలా, పలచగా, పీట మీద చల్లినట్టే. జట్టు ఆ పైన ఎరువు నింపింది. బావగారు సీటెక్కి మీట లాగారు. తొట్టి లేచింది. ముద్ద ఒక్క క్షణం ఆలోచించి, మెత్తగా చప్పుడు చేస్తూ మొత్తం జారిపోయింది.

చిన్నాయన చేతిలో పారను చెట్టుకు ఆనించాడు. "వదినా, ఈ ముక్క మొదటి లోడుకే చెప్పకూడదా?"

"మొదటి లోడుకి నన్నెవరడిగారు?" అంది అక్క.

నాలుగో లోడుకి అక్క నింపే వంతు. కొలతలమ్మ గంపలు ఎత్తుతూ లెక్కపెడుతోంది. ఎనిమిది, తొమ్మిది. పదో గంప కూడా కుమ్మరించి వచ్చాక, అలవాటు కొద్దీ మళ్ళీ, "తొమ్మిది" అంది.

అక్క చేతిలో పార పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. "పదయ్యాయే" అంది. "తప్పుకో అక్కణ్ణుంచి. నా వంతు."

గంపను చంకన ఎత్తుకుని ట్రాలీ దాకా నడిచింది. తలుపు వాల్చిన చోట తొట్టి అడుగు మీద గంప అంచు పెట్టి, ఎడమ చేత్తో తోసి, కుడి చేత్తో ఒరిపింది. భుజం ఆరు జానల దాకా రావాల్సిన పని కూడా పడలేదు. ఎరువు లోపల పడింది. ఖాళీ గంపతో వెనక్కి వస్తూ, "ఒకటి" అంది, అందరికీ వినిపించేట్టు.

కొలతలమ్మ నింపే చోట కూర్చుని పార అందుకుంది. ఆ రోజంతా ఆమె లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.