పోశవ్వ అన్న మాట

ఆరేళ్లుగా ఒక వేలిముద్ర నన్ను వదలడం లేదు. నాది కాదు. మా పక్కింటి పోశవ్వది.

ఈ మాట చెప్పాల్సిన రోజు కాదిది. నిన్ననే నా బి.ఎ. ఫలితం వచ్చింది. పాసయ్యాను! మా ఎనిమిది ఇళ్లలో మొదటి డిగ్రీ నాదే. అమ్మ పొద్దున్నుంచీ పాల పేడాలు పంచుతోంది, నాకు నవ్వు ఆగడం లేదు, ఎదురైన ప్రతివాళ్లనూ ఆపి చెబుతున్నాను. పోశవ్వ ఇంటి ముందు మాత్రం కాళ్లు ఆగిపోయాయి. తలుపుకు తాళం. అందుకే మీకు చెబుతున్నాను. ఊళ్లో ఎవరికీ తెలియదు.

అప్పట్లో మేం మహారాష్ట్రలోని అంకిస దగ్గర గోదావరి గట్టు మీదే ఉండేవాళ్లం. పోశవ్వ భర్త జనాన్ని పడవలో నది దాటించేవాడు. ఒక వానాకాలం పడవ తిరగబడింది. మనిషి దొరకలేదు. తర్వాత వంతెన వచ్చింది, పడవలు ఒడ్డునే చీకిపోయాయి, ఊరు నది వైపు చూడడం మానేసింది. పోశవ్వ మానలేదు. రోజూ పొద్దున గట్టు మీది బండపై ఆయనకో అన్నం ముద్ద పెట్టేది.

దిగువన ఆనకట్ట కట్టాక నీళ్లు వెనక్కి తన్నడం మొదలైంది. రోడ్డు పక్కన జాగాలిస్తామని ఒక సర్కారు సాహెబు వచ్చాడు. ఎనిమిది ఇళ్లూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా ఎవరికీ లేదు. ఆయనకు తెలుగు రాదు, మా పెద్దవాళ్లకు మరాఠీ రాదు. నేను పదో తరగతి, మరాఠీ బడి. అటు మాట ఇటు చెప్పే పని నాకు పడింది. రోడ్డు మీదైతే కాలేజీ బస్సు ఆగుతుంది. గట్టు నుంచైతే వానాకాలమంతా మోకాలి లోతు బురద.

ఏడిళ్లవాళ్లు సరేనన్నారు. పోశవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నేను రాను బిడ్డా. సాబుకు జర మంచిగ చెప్పు. గాయన వస్తే నన్ను ఏడ దేవులాడుతడు? పడవ నడుపుడు తప్ప ఆ ముసలోనికి తొవ్వ అడుగుడు సుత రాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే సాహెబు వైపు తిరిగి, ఆమె ఒప్పుకుంది అన్నాను, మరాఠీలో, గబగబా.

కాగితం ఆమె ముందుకొచ్చింది.

"ఇదేందే?"

"నువ్వన్నదే రాసిండ్లవ్వా. ఏలిముద్ర ఎయ్యి."

వేసింది.

ఎండాకాలంలో ట్రాక్టర్ వచ్చి సామాన్లు ఎత్తుతుంటే, సాబే మోసం చేసిండని, నా మనవరాలు మంచిగనే చెప్పిందని నన్ను చూపించి అందరికీ చెప్పుకుంది. నా తల నిమిరింది. మరాఠీలో పరీక్ష రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఆ చెయ్యి తల మీద ఉన్నట్టే ఉండేది.

రోడ్డు నుంచి రోజూ ముద్ద పట్టుకుని గట్టుకు నడిచేది. రెండో వానాకాలం బండ మునిగింది, మళ్లీ తేలలేదు. ఎక్కడ పెట్టాలో తెలియక ముద్ద వెనక్కి తెచ్చేది. నేను బస్సు కిటికీలోంచి చూసేదాన్ని.

నిరుడు చలికాలంలో చనిపోయింది.

ఎలాగూ మునిగే బండే కదా అనుకుంటాను. నిజమే. కానీ ఆ అబద్ధం ఆడినప్పుడు నాకది తెలుసా? తెలియదు. ఏడిళ్ల మేలు కోసం ఆడానా? అదీ కాదు. నాకు బస్సు కావాలి. అంతే. చెప్పడానికి అన్నేళ్లు దొరికాయి, "ఇయ్యాల ఏం చదివినవే?" అని రోజూ అడిగేది, నేను చదివిందే చెప్పేదాన్ని, చెప్పాల్సింది తప్ప.

ఇవాళ పేడా తీసుకుని నది దాకా వెళ్లాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వెనక్కి తెచ్చాను.

ఇదిగో, ఆ కాగితంలో ఉండాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. పోశవ్వ ఒప్పుకోలేదు. నేను రాను అంది.