వన్స్ మోర్

ఇంగ్లీషు మొత్తంలో మా నాన్నకు నచ్చిన మాట ఒక్కటే, వన్స్ మోర్. తెనాలి దగ్గర కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. చుట్టుపక్కల ఎక్కడ పద్యనాటకం పడినా వదిలేవాడు కాదు. పద్యం చివర రాగం తీస్తుండగానే జనం వన్స్ మోర్ అని కేకేస్తే, కత్తిపోటుకు చచ్చి పడిపోయిన రాజు కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడట. ఈ కథ చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు విన్నానో. పాడేవాళ్ళకు అంతకు మించిన బిరుదు లేదని ఆయన నమ్మకం.

నేను పాడేది జాజ్. షికాగో పక్కన అరోరాలో మా తెలుగువాళ్ళకు అదేమిటో చెప్పడం నా వల్ల కాలేదు. "అయితే కర్నాటకం వదిలేసినట్టేనా అమ్మా?" అని గుడిలో ఒక ఆంటీ పరామర్శించింది, ఇంట్లో ఎవరో పోయినట్టు. వారమంతా సాఫ్ట్‌వేర్, వీకెండ్ షికాగో క్లబ్బుల్లో పాట. మొదటి రికార్డు ఒక స్నేహితుడి బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ ఆపించి చేశాం. కొన్నవాళ్ళలో చాలామంది మా ఆఫీసువాళ్ళే, మొహమాటానికి. రెండోదాని తర్వాత క్లబ్బుల్లో నా పేరు చూసి వచ్చేవాళ్ళు కనబడటం మొదలైంది. రెండింట్లోనూ ఎవరెవరో పాడేసిన పాత పాటలే. మూడోది నా సొంత పాటలతో, నిదానంగా చేద్దామనుకున్నాను.

అప్పుడే గొంతు బొంగురుపోయింది. డాక్టరమ్మ ముక్కులోంచి కెమెరా దించి, గొంతులో వోకల్ కార్డ్ మీద చిన్న బొడిపె చూపించింది. కోసి తీసెయ్యాలంది. ప్రాణానికేమీ భయం లేదంది. నా గొంతు నాకు తిరిగొస్తుందా అని అడిగితే, గొంతయితే వస్తుంది, ఇదే గొంతు అని మాటివ్వలేనంది. ఆపరేషన్ లోపు స్టూడియో ఒక్క మధ్యాహ్నం దొరికింది. రికార్డు సంగతి పక్కన పెట్టాను. నేను రాసుకున్నవాటిలో నాకు ప్రాణమైన పాట ఒకటుంది. అదొక్కటి ఈ గొంతులో మిగిలిపోతే చాలనుకున్నాను.

మా చెల్లెలి పురిటికని అమ్మ షాంటిలీలో వాళ్ళింటికి వెళ్ళింది. నాన్న నా దగ్గరున్నాడు. ఆయనకు జలుబని చెప్పాను. నిజం చెబితే ఆయన బీపీ చూసుకోవడం నాకింకో పని. ఊరి నుంచి తెచ్చిన కరక్కాయ ముక్కొకటి చేతిలో పెట్టి, "బుగ్గన పెట్టుకోమ్మా. మా రోజుల్లో ఎంత గొప్ప నటుడైనా ఇది లేందే స్టేజీ ఎక్కేవాడు కాదు," అన్నాడు. ఆ వగరు నోట్లో ఉంచుకునే, నాన్నను పక్క సీట్లో ఎక్కించుకుని స్టూడియోకి డ్రైవ్ చేశాను.

పాతకాలం పద్ధతిలో అందరం ఒకే గదిలో కూర్చుని, ఒకేసారి వాయిస్తూ పాడాలని పట్టుబట్టింది నేనే. అలా చేస్తే ఒకరి మైకులోకి ఇంకొకరి చప్పుడు దూరుతుంది. తర్వాత కత్తిరించి అతికించడానికి లేదు. నాన్నను బయట సోఫాలో కూర్చోబెట్టబోతే పియానో వాయించే పెద్దాయన ఒప్పుకోలేదు. డెబ్బై దాటిన నల్లజాతి మనిషి, షికాగోలోనే పుట్టి పెరిగాడు. పక్కనున్న కుర్చీ తట్టి, నాన్నను రమ్మని పిలిచాడు. నాన్న నాటకం ముందు వరుసలో కూర్చున్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మొదటిసారి పాడగానే అద్దం అవతల నుంచి ఇంజనీర్ అన్నాడు, "వన్స్ మోర్, ప్లీజ్."

నాన్న మొహం చేటంత అయింది. "చూశావా? అప్పుడే వన్స్ మోర్ అంటన్నాడు."

బాగోలేదు కాబట్టే మళ్ళీ పాడమంటున్నాడని చెప్పలేదు. ఉన్న కాస్త గొంతునూ మాటలకు ఖర్చుపెట్టదలుచుకోలేదు. రెండోసారి పైస్థాయిలో జీర వచ్చింది. వన్స్ మోర్. ఆ తర్వాత చరణం మధ్యలో గొంతు తెగింది. వన్స్ మోర్. అన్నప్పుడల్లా నాన్న డ్రమ్స్ కుర్రాడి వైపు, బేస్ వాయించే ఆమె వైపు గర్వంగా చూస్తున్నాడు. నాకు ఏడుపూ ఒళ్ళుమంటా కలిసి వస్తున్నాయి. గోడ మీద గడియారం చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను.

పెద్దాయన పియానో మీద నుంచి నా వైపు వంగి, పైస్థాయి వెంట పడకు, దాన్నే నీ దగ్గరికి రానీ, అన్నాడు నెమ్మదిగా. కళ్ళు మూసుకున్నాను. ఈసారి పాట వచ్చింది. జీర ఉన్న చోట కూడా నా జీరలాగే ఉంది. పైస్థాయి దాటాను. చివరి మాట దగ్గర గొంతు నిలిపాను. నా గొంతు కింద పియానో మెల్లగా తగ్గుతోంది. దక్కింది, ఇంక దక్కినట్టే అనుకుంటున్నాను.

"వన్స్ మోర్," అన్నాడు మా నాన్న, ఊళ్ళో పందిరి కింద కూర్చుని అన్నట్టు, నిండుగా.

ఆ కేక నా చివరి మాట మీద పడి, గదిలో మైకులన్నిట్లోకీ దూరింది.

"నోరు మూసుకుని కూర్చోలేవా నాన్నా?" అని అరిచాను. ఆ అరుపుతో మిగిలింది కూడా పోయింది. మళ్ళీ మైకు ముందు నిలబడితే గాలి తప్ప ఏమీ రాలేదు. పెద్దాయన లేచి, మా చర్చిలో అయితే సరిగ్గా అక్కడే మొదటి వరుస వాళ్ళు కేకేస్తారు, మీ నాన్నకు పాట తెలిసిన చెవి ఉంది, అన్నాడు. ఓదార్పు వినే స్థితిలో లేను. చివరి మాటకు ముందే పాట ఆపెయ్యడం తప్ప దారి లేదని, ఏ సంగతీ తర్వాత చెప్పమని ఇంజనీర్ అన్నాడు. చివరి మాట లేకపోతే నాకా పాటే లేదు.

తిరిగి వస్తుంటే హైవే ఎక్కాక నాన్న అడిగాడు.

"జలుబు కాదు గదా?"

కాదని చెప్పాను. ఆపరేషన్ సంగతీ చెప్పాను. 

"ఆ ఇంజనీరు వన్స్ మోర్ అన్నప్పుడల్లా, బాగోలేదనా?"

"ఊఁ."

కరక్కాయ పొట్లం జేబులోంచి తీసి, చూసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. నాకు జాలేసింది, కోపం మాత్రం పోలేదు.

ఆపరేషన్ తర్వాత డాక్టరమ్మ పిలిచేదాకా పెదవి విప్పకూడదన్నారు. ఇంట్లో నాన్న కూడా మాట్లాడటం మానేశాడు. నేను సైగ చేస్తే సైగే. అమ్మ ఫోన్ చేస్తే వరండాలోకి వెళ్ళి గుసగుసగా చెప్పి వచ్చేవాడు. గలగలా మాట్లాడే మనిషి అలా పిల్లిలా తిరుగుతుంటే ఆ కోపం ఎప్పుడు పోయిందో తెలీదు, భయం మాత్రం మిగిలింది.

క్లినిక్‌లో డాక్టరమ్మ ఏదైనా ఒక మాట అనమంది. ఏ మాటతో మొదలుపెట్టాలో తోచలేదు. మూల కుర్చీలో నాన్న నేల చూస్తున్నాడు.

"నాన్నా," అన్నాను.

నా గొంతు కాదు. కిందికి దిగి, గరగరగా, ఎవరో పెద్దావిడ పిలిచినట్టుంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాన్న తలెత్తాడు. పెదవులు కదిలాయి కానీ, అనచ్చో లేదోనని డాక్టరమ్మ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూసి, వినబడీ వినబడనట్టు అడిగాడు.

"వన్స్ మోర్."

"నాన్నా," అన్నాను మళ్ళీ. ఈసారి కాస్త నిలిచింది.

కార్‌లో కూర్చున్నాక, పాట చివర ఏమీ తీసెయ్యొద్దని ఇంజనీర్‌కి మెసేజ్ పెట్టాను.