నల్లమట్టి పుట్టిన పాకం

నా చిన్నప్పుడు చల్లపల్లి దగ్గర మా చెరకు తోటలోనే బెల్లం వండేవారు. ఇప్పుడు ఆ పొలాన్ని తవ్వుకుపోదామని చూస్తున్నారు. ఆ మాట తలచుకుంటేనే ఒళ్లు మండుతుంది గానీ, ముందు బెల్లం సంగతి చెబుతాను.

ఉడికిన పాకాన్ని చెక్క తొట్టిలోకి వంచాక, మొదటి గరిటెడు అరిటాకులో పోసి పిల్లలకివ్వడం ఆనవాయితీ. ఒకరోజు నేను ఆగలేకపోయాను. తొట్టిలో పాకం పైన గట్టిపడింది కదా, చల్లారిందనుకుని వేలు గుచ్చాను. పైపొర విరిగి, లోపలి పాకం అంటుకుని వేలు బొబ్బలెక్కింది.

బెజవాడలో టీచరుగా చేసే మా మేనత్త సెలవులకు వచ్చి ఉంది. నా వేలు నీళ్లలో ముంచి, ఏడుపు మాన్పించడానికి కథ మొదలుపెట్టింది. భూమి కూడా ఇంతేనట, పైన చల్లన, లోపల రాయిని కరిగించే వేడి. మనుషులే లేని కాలంలో పడమటి వైపు నేల చీలి, కరిగిన రాయి పొంగి, పొర మీద పొరగా పరుచుకుందట. అది చల్లారి నల్లరాయి అయి, ఎండకూ వానకూ చితికి మట్టయితే, ఆ రాళ్ల మీదే పుట్టిన కృష్ణమ్మ దాన్ని ఇంతదూరం మోసుకొచ్చిందట. అత్త నా కాలికున్న బురద తీసి అరచేతిలో పెట్టింది.

"ఇదీ ఒకప్పుడు అట్టాంటి పాకమేనే. చల్లారి మన దాకా రావడానికి యుగాలు పట్టింది."

నొప్పి మరిచిపోయి ఆ బురదనే చూస్తూ కూర్చున్నాను.

మొన్న అదే పొలంలోకి పొక్లెయిన్ దిగింది. పైమట్టి ఇటుక బట్టీకి ఇస్తానని మా తమ్ముడు మాటిచ్చేశాడు. సగం వాటా నాది, నన్నొక్క మాట అడగలేదు. పరుగున వెళ్లి దానికి అడ్డంగా నిలబడ్డాను.

"పైపైన మట్టేగా అక్కా, మళ్లీ వస్తుందిలే" అన్నాడు.

"ఎక్కణ్ణుంచి వస్తుందిరా? నీకోసం మళ్లీ నేల చీలి రాయి కరగాలా? బుద్ధుందా నీకు?" అని అరిచాను. నా గొంతుకి గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

టిప్పర్లు ఖాళీగా వెనక్కి పోయాయి. తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. మా అక్క పెద్దావిడ, నాలుగు రోజులు పోతే ఆవిడే చల్లబడుతుందని ఊళ్లో అంటున్నాడట.

పైకి నేనూ గట్టిపడినట్టే ఉన్నాను. చల్లారాననుకుంటే, వచ్చి వేలు పెట్టి చూసుకోమనండి.